ట్యూషన్ చెబుతావుగా, టీచరైపో అన్నారు

మా చిన్నవాడు మూడో తరగతిలోకి వచ్చాక, మళ్లీ ఉద్యోగం చేస్తానని ఇంట్లో చెప్పాను. అప్పటికి నాకు 36 ఏళ్లు. 2009లో నాగార్జున యూనివర్సిటీ నుంచి బీకాం. పెళ్లికి ముందు గుంటూరులో ఒక ఎరువుల కొట్లో కొన్నాళ్లు బిల్లులు రాశాను. ఆ తర్వాత విజయవాడ, ఇద్దరు పిల్లలు, అపార్ట్‌మెంటు, సాయంత్రం పూట ట్యూషన్లు. బయోడేటా రాయమంటే సగం పేజీ కూడా నిండదు.

ఎవరూ వద్దనలేదు. పైగా నేను ఏ ఉద్యోగం చేయాలో నాకన్నా ముందే అందరికీ తెలిసినట్టుంది. "ట్యూషన్ చెబుతావుగా, బీఎడ్ చేసి టీచరైపో. నీకు ఓపిక కూడా ఎక్కువ" అన్నారు మా అత్తయ్యగారు. సరిగ్గా అప్పుడే, 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఇక ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అదే మాట. బీఎడ్ రెండేళ్లు, ఆపైన టెట్, ఆ తర్వాత ఎప్పుడు పడుతుందో తెలియని ఇంకో డీఎస్సీ అని నేను లెక్క చెబితే, "పోనీ ప్రైవేటు స్కూలైనా నీడపట్టున ఉంటావు కదా" అనేవాళ్లు. మా అన్నయ్య బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు. క్లర్కు పరీక్షకు జనరల్ కేటగిరీలో 28 ఏళ్లు దాటకూడదని చెప్పాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పక్క ఫ్లాట్ ఆంటీ ఎల్‌ఐసీ ఏజెన్సీ తీసుకోమన్నారు, మొదటి పాలసీ తనే కడతానని కూడా అన్నారు.

మా ఆయన మాత్రం "ఇంతకీ నీకేం చేయాలనుంది?" అని అడిగారు. చాలాసేపు ఆలోచించి, పుస్తకాలు చదవడం ఇష్టం, పాత పాటలు ఇష్టం, మొక్కలు ఇష్టం అని చెప్పాను. నాకే నవ్వొచ్చింది. పెళ్లిచూపుల్లో చెప్పే జవాబులవి.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉన్నాడు. వాడికి ఫోన్ చేస్తే పని మొదలైంది. "ఇష్టాలు రాస్తే ఏమీ తేలదక్కా. గత పదేళ్లలో నువ్వు చేసిన పనులు రాయి. డబ్బు వచ్చిందా రాలేదా అని చూడకు. ఒక్కో పనినీ ముక్కలు ముక్కలుగా రాయి. ‘ట్యూషన్ చెప్పాను’ అని రాస్తే కుదరదు, అందులో ఏమేం చేశావో అవన్నీ రాయాలి" అన్నాడు. ప్రతి ముక్కకీ ఎదురుగా రెండు గళ్లు గీయమన్నాడు. ఒకటి ‘వచ్చు’, రెండోది ‘నచ్చింది’. నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందిరా అంటే, "ఆ పని చేస్తూ గడియారం వైపు చూశావా? ఎవరూ అడక్కుండానే ఎప్పుడైనా చేశావా? ఆ రెండూ గుర్తు చేసుకో" అన్నాడు.

పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాల మీద మొదలుపెట్టాను. ట్యూషన్ ఒక్కటే ఇన్ని ముక్కలైంది: పాఠం చెప్పడం, హోంవర్క్ దగ్గరుండి చేయించడం, అల్లరి ఆపడం, తల్లిదండ్రులకు సర్దిచెప్పడం, ఫీజులు అడగడం, చిన్న చిన్న పరీక్షలు పెట్టి దిద్దడం, ఎవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో పట్టిక వేయడం. ‘వచ్చు’ గడిలో ఒక్క ఫీజులు అడగడం తప్ప అన్నిటికీ టిక్కు పడింది. ‘నచ్చింది’ గడిలో మాత్రం చివరి రెండిటికే.

ఇది నేను ఊహించలేదు. నా దగ్గర చదివిన పిల్లలకు మార్కులు బాగానే వచ్చేవి, తల్లులు మెచ్చుకునేవాళ్లు, అందుకని పాఠం చెప్పడం నాకిష్టమనే అనుకుంటూ వచ్చాను. కానీ ఏడు గంటలకు చివరి పిల్ల చెప్పులేసుకుని వెళ్లేసరికి రోజూ తల పట్టేసేది. పిల్లలంటే ఇష్టం లేక కాదు. ఒకే విషయాన్ని నలుగురికి నాలుగు రకాలుగా చెప్పేసరికి నాలో ఇంకేమీ మిగిలేది కాదు. మరోపక్క ఆ పట్టికల సంగతి చూడండి. ఒక పిల్లాడికి తీసివేతలు ఒకరోజు అన్నీ కరెక్టుగా వచ్చేవి, ఇంకోరోజు అన్నీ తప్పే. వాళ్లమ్మ "వీడికి శ్రద్ధ లేదండీ" అని తేల్చేసింది. నేను వాడి పాత పరీక్ష కాగితాలన్నీ ముందేసుకుని ఒక్కో లెక్కా చూసుకుంటూ పోతే, పై సంఖ్యలో మధ్యన సున్నా ఉన్నప్పుడే వాడు అప్పు తెచ్చుకోలేకపోతున్నాడని దొరికింది. 503లోంచి 267 తీసేయమంటే తప్పు, 543లోంచి తీసేయమంటే ఒప్పు. అది దొరికేసరికి రాత్రి పదకొండు దాటింది, నేను అన్నం కూడా తినలేదు. మర్నాడు వాడికి దాన్ని వివరించి చెప్పే పని ఇంకెవరైనా చేసిపెడితే బాగుండుననిపించింది.

మిగతా పేజీల్లోనూ ఇదే కనిపించడం మొదలైంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు కొంతకాలం నేనే చూశాను. మీటింగులు పెట్టడం, మెయింటెనెన్స్ కట్టనివాళ్ల తలుపు కొట్టడం నావల్ల కాలేదు. కానీ పాత రసీదులు తేదీలవారీగా సర్దుతుంటే, లిఫ్ట్ ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం డబ్బు, ఒకే ఏడాదికి రెండుసార్లు కట్టినట్టు బయటపడింది. కంపెనీవాళ్లు మరుసటి ఏడాదికి సర్దుబాటు చేశారు. వేసవిలో వాటర్ ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో, ఎన్నిటికి డబ్బిచ్చామో వాచ్‌మన్ పుస్తకంతో సరిచూసేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనే చేసేదాన్ని.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మాది సింగ్‌నగర్ వైపే. సెల్లారులో బళ్లన్నీ మునిగాయి. ప్రభుత్వం గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. కొందరికి జాబితాలో పేరు లేదు, కొందరికి పేరుండీ డబ్బు పడలేదు. నేను ఒక్కో ఇంటి వివరాలూ ఒక షీట్లో పెట్టి, ఆధార్‌లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు, ఖాతాకు ఆధార్ లింకు ఉందా లేదా, సొంతమా అద్దెనా అని వరసగా చూసుకుంటూ పోయాను. ఒక పెద్దాయన ఇచ్చిన ఖాతా ఎప్పుడో మూసేసిందట, ఆయనకే గుర్తులేదు. ఆ షీటు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లి మాట్లాడింది మాత్రం మా ఎదురు ఫ్లాట్ అన్నయ్యగారు. ఆయనకు మాటలు బాగా వచ్చు, నాకు కాగితాలు. ఆ వారమంతా ఇంట్లో బురద కడుగుతూ, రాత్రిళ్లు ఈ పని చేస్తూ, అలసిపోయాను గానీ విసుగు రాలేదు. ఆ విషయం పేజీ మీద రాసేదాకా నాకు తట్టనే లేదు.

తర్వాత తమ్ముడు చెప్పిన రెండో పని: దగ్గరివాళ్లను ఒక ప్రశ్న అడగడం. "నాలో మంచి గుణాలేంటి" అని అడగొద్దన్నాడు, అందరూ మొహమాటానికి ఓపిక, మంచితనం అంటారట. "ఏ పనైతే రెండో ఆలోచన లేకుండా నాకు అప్పగిస్తారు, ఏ పని చచ్చినా అప్పగించరు?" అని అడగమన్నాడు. వాట్సాప్‌లో పెట్టాను. మా తోడికోడలు వాయిస్ మెసేజ్ పంపింది. "ఇది కూడా అడగాలా అక్కా? మన ఇళ్లలో ఏ పెళ్లయినా చదివింపుల పుస్తకం దగ్గర కూర్చోబెట్టేది నిన్నేగా. పుస్తకంలో ఎంతుందో, కవర్లలో ఎంతుందో రూపాయితో సహా సరిపోయేదాకా రాత్రి ఒంటిగంటైనా నువ్వు పడుకోవు, మమ్మల్నీ పడుకోనివ్వవు." మా అమ్మ రెండో సగానికి జవాబిచ్చింది: "నిన్ను కొట్లో కూర్చోబెట్టను. బేరం ఆడేవాడి మీద నీకు కోపమొస్తుంది." ఎల్‌ఐసీ ఏజెన్సీ విషయం ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది.

ఇంట్లోవాళ్ల మాటే కాకుండా బయట కొలత కూడా ఒకటి ఉంటే మంచిదని, ఆసక్తులు తేల్చే పరీక్ష ఒకటి చేశాను. అమెరికా కార్మికశాఖవాళ్లది, ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ అంటారు. ఉచితం, 60 ప్రశ్నలు, అరగంట కూడా పట్టదు. ప్రశ్నలంటే ప్రశ్నలు కావు, పనులు: ఇటుకలు పేర్చడం, కొత్త మందు కనిపెట్టడం, నాటకం రాయడం, ఉద్యోగుల జీతాలు లెక్కగట్టడం. ఒక్కోదానికీ చాలా ఇష్టం నుంచి అసలిష్టం లేదు దాకా అయిదింట్లో ఒకటి నొక్కాలి. చేపపిల్లల హేచరీలో పనిచేస్తారా అని కూడా ఉంది. మా పుట్టిల్లు కైకలూరు. చిన్నప్పటి నుంచీ చేపల చెరువుల గొడవలు వింటూ పెరిగినదాన్ని, కళ్లు మూసుకుని ‘అసలిష్టం లేదు’ నొక్కాను. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది: ఆ పనికి మీకు చదువుందా, జీతమెంతొస్తుంది అన్నవి ఆలోచించకుండా నొక్కమంటారు. అది పాటించడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. ‘టీచరు’ లాంటి పనులు వచ్చినప్పుడల్లా మా అత్తయ్యగారి మొహం కనిపించేది.

దీని వెనక ఉన్న సిద్ధాంతం జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టుది, 1959 నాటిది. పనుల మీద మనుషుల ఆసక్తిని ఆయన ఆరు రకాలుగా విడదీశాడు: చేతులతో, యంత్రాలతో చేసేవి; పరిశోధించి తెలుసుకునేవి; కళలు; మనుషులకు నేర్పేవి, సాయపడేవి; వ్యాపారం, నాయకత్వం; చివరిగా లెక్కా పత్రం, పద్ధతి. ఒక్కో రకానికి 40 మార్కులు. నాకు లెక్కాపత్రానికి 35, పరిశోధనకు 27, మనుషులకు నేర్పేదానికి 17, వ్యాపారానికి 8 వచ్చాయి. నోటుబుక్కులో టిక్కులు చెప్పిందీ ఇంచుమించు ఇదే.

అయితే ఈ పరీక్షను నేను నెత్తిన పెట్టుకోను. మార్కులు వచ్చాక అది చూపించే ఉద్యోగాల జాబితా అమెరికాది. అక్కడి జీతాలు, అక్కడి డిగ్రీలు. మన ఊళ్లో ఆ పేరుతో ఉద్యోగాలే ఉండవు. పైగా మన ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ ముట్టుకోని పనుల గురించి ‘తెలియదు’ అని నొక్కుతూ పోతాం. ఇటుక పేర్చడం నాకిష్టమో కాదో నాకెలా తెలుస్తుంది? నోటుబుక్కు లేకుండా ఈ పరీక్ష ఒక్కటే చేసి ఉంటే, నేను దాన్ని పేపర్లో వారఫలాల్లా చదివి పక్కన పడేసేదాన్ని.

మన దగ్గర ఉన్న ఉద్యోగాల పేర్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల వెబ్‌సైట్ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో నమోదు చేసుకున్నాను. 2015లో మొదలైంది, రిజిస్ట్రేషన్‌కు పైసా అక్కర్లేదు. అందులో విజయవాడ చుట్టుపక్కల అకౌంట్స్ పేరుతో ఉన్న ప్రకటనలన్నీ చదివి, ఏ మాట ఎక్కువసార్లు వస్తోందో రాసుకున్నాను. ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్. ఈ మూడూ లేని ప్రకటన దాదాపు లేదు. 2009లో నేను డిగ్రీ పూర్తి చేసినప్పుడు వ్యాట్ ఉండేది. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో. అంటే నా బీకాంలో ఆ మాటే లేదు. ఈ వెతుకులాటలోనే ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేయమని, ముందు రెండు వేలు డిపాజిట్ కట్టమని ఫోన్లు కూడా వచ్చాయి. పనిచ్చేవాడు జీతమిస్తాడు గానీ డబ్బు అడగడని మా ఆయన ఫోన్ లాక్కుని మరీ పెట్టేశారు.

లెక్కాపత్రం అంటే కూడా ఒకటి కాదు. అందుకని ఆ పనుల్లో ఉన్న ముగ్గురు నలుగురితో మాట్లాడాను. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "మీకు నెలలో బాగా విసుగొచ్చే రోజు ఏది, ఎందుకు?" పనిలో బాగున్నవి ఎవరైనా చెబుతారు. విసుగు గురించి అడిగితేనే అసలు పని ఏమిటో బయటపడింది. ఒక స్కూలు ఆఫీసులో ఫీజులు చూసే ఆవిడ, "పరీక్షల ముందు వారం. ఫీజు కట్టని తల్లిదండ్రులతో రోజంతా వాదన" అంది. వద్దనుకున్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర ఉండే అమ్మాయి కాగితాల పని బాగుంటుందంది, కానీ డిశ్చార్జి రోజు అప్రూవల్ రాక పేషెంటు బంధువులు మీద పడిపోతారట, నైట్ షిఫ్టులు కూడా ఉంటాయట. అదీ వద్దు. గవర్నర్‌పేటలో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పనిచేసే మా తమ్ముడి స్నేహితుడు, "ప్రతి నెలా 14 నుంచి 20 దాకా. సప్లయర్ల బిల్లులు టూబీలో కనిపించవు, ఒక్కోటీ వెతికి పట్టుకోవాలి వదినా, ప్రాణం పోతుంది" అన్నాడు. ఆ వెతకడం ఎలా ఉంటుందో చూపించమన్నాను. అతను నన్ను కాస్త వింతగా చూశాడు.

వాళ్ల సార్ ఒప్పుకుంటే, జీతం లేకుండా మధ్యాహ్నం పూట కొన్నాళ్లు వచ్చి కూర్చుంటానని అడిగించాను. ఒప్పుకున్నారు. టూబీ అంటే ఇది: వన్‌టౌన్‌లో ఒక చీరల హోల్‌సేల్ కొట్టు సూరత్ నుంచి సరుకు కొంటుంది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, అమ్మినప్పుడు కట్టాల్సిన జీఎస్టీలోంచి తీసేసుకోవచ్చు. కానీ సూరత్ వ్యాపారి ఆ బిల్లును తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, చూపించాలి. నెలవారీ రిటర్నులకు దాని గడువు తర్వాతి నెల 11. అది 14న మన కొట్టువాళ్ల జీఎస్టీఆర్-2బీ అనే కొనుగోలు బిల్లుల జాబితాలోకి వస్తుంది. 20లోపు 3బీ అనే రిటర్ను వేసి పన్ను కట్టాలి. కాబట్టి ఆ మధ్యలో కొనుగోళ్ల పుస్తకాన్నీ 2బీనీ పక్కపక్కన పెట్టి, ఏ బిల్లు ఉందో ఏది లేదో చూడాలి. లేనిది ఎందుకు లేదో తెలుసుకోవాలి. సప్లయర్ అసలు రిటర్నే వేయలేదా, వేరే జీఎస్టీ నంబరు మీద వేశాడా, బిల్లు నంబర్లో గీత ఉండాల్సిన చోట స్లాష్ ఉందా, ట్యాక్సులో పైసల తేడానా.

మొదటిరోజు ఒక ప్రింటవుట్ ఇచ్చి, తేడాలు గుర్తుపెట్టమన్నారు. ఒక సప్లయర్ బిల్లులు వరసగా కొన్ని నెలలవి కనిపించడం లేదు. రిటర్ను వేయడం లేదనుకుని ఆఫీసువాళ్లు అతనికి ఫోన్లు చేస్తున్నారు. నేను పాత నెలల కాగితాలు కూడా అడిగి చూస్తే, ఒక నెల నుంచి అతని బిల్లుల మీద మన కొట్టు జీఎస్టీ నంబరుకు బదులు వేరే నంబరు ఉంది. అతను రిటర్ను వేస్తూనే ఉన్నాడు, ఆ పన్ను వేరే ఎవరి ఖాతాకో పోతోంది. తలెత్తి చూసేసరికి మా పిల్లల స్కూలు బస్సు వచ్చే టైము దాటిపోయింది. ఆటోలో పరిగెత్తాను. ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి ‘నచ్చింది’ గడిలో టిక్కు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

ట్యాలీ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఉదయం బ్యాచ్‌లో నేర్చుకున్నాను. పక్కనంతా ఇరవై ఏళ్ల పిల్లలు, నన్ను ‘ఆంటీ’ అనాలో ‘మేడమ్’ అనాలో తేల్చుకోలేకపోయేవాళ్లు. డెబిట్, క్రెడిట్ మర్చిపోలేదు గనక త్వరగానే వచ్చింది. నాకు కష్టమైనవి కీబోర్డు షార్ట్‌కట్లు. ఆ తర్వాత అదే గవర్నర్‌పేట ఆఫీసులో నెలకు 12,000కు చేరాను. ప్రైవేటు స్కూల్లో చేరినా మొదట్లో ఇంచుమించు అంతే ఇస్తామన్నారు, కాబట్టి డబ్బు పరంగా చూస్తే నేనేమీ గొప్ప ఎంపిక చేసుకోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారినప్పుడు రెడీమేడ్ కొట్లవాళ్లంతా టెన్షన్‌తో ఆఫీసు మీద పడ్డారు. 2,500 దాకా ఉన్న డ్రెస్సులకు 5 శాతం, ఆపైన 18 శాతం. కొట్లో ఉన్న ప్రతి రకాన్నీ ట్యాలీలో మార్చాలి. ఆ వారం ఆఫీసులో అందరికీ నరకం. నేను ఆ మాట పైకి అనలేదు గానీ, నాకు బాగానే ఉంది.

అన్నీ బాగున్నాయని కాదు. క్లయింట్లు చెత్తబుట్టలోంచి తీసినట్టున్న బిల్లులు సంచుల్లో తెచ్చి పోస్తారు. వాట్సాప్‌లో మసక ఫోటోలు పెట్టి "ఎంటర్ చేసేయండి మేడమ్" అంటారు. 18 తారీఖు దాకా ఫోన్ ఎత్తనివాళ్లు 19 రాత్రి చేస్తారు. వాళ్లతో మాట్లాడే పని వీలైనంత వరకు మా తమ్ముడి స్నేహితుడికే వదిలేస్తాను. బదులుగా అతని టూబీలన్నీ నేనే చూస్తాను. ఈ ఒప్పందం ఇద్దరికీ బాగుంది. ట్యూషన్లు మానేశాను. ఆ తీసివేతల పిల్లాడు మాత్రం ఆదివారాలు వస్తాడు, వాళ్లమ్మ వదలడం లేదు.

మా అత్తయ్యగారు ఇప్పటికీ పేపర్లో డీఎస్సీ అని కనిపిస్తే కత్తిరించి టీవీ కింద పెడుతున్నారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేశారు. కామర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు పీసీటీ-01 ఫారంతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే ఇతరుల జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టేవాళ్లుగా, నమోదు చేసుకోవచ్చని ఎక్కడో తెలుసుకుని వచ్చి, "సొంతంగా బోర్డు పెట్టేయ్, సింగ్‌నగర్లోనే బోలెడు కొట్లున్నాయి" అంటున్నారు. అర్హత ఉన్నమాట నిజమే. పని కూడా చేయగలను. కానీ బోర్డు పెట్టాక ఆ కొట్లన్నీ తిరిగి క్లయింట్లను తెచ్చుకోవాలి, ఫీజు గట్టిగా అడగాలి, ఇవ్వనివాడి చుట్టూ తిరగాలి. నా 40లో 8 మార్కులు వచ్చింది దానికే. ఆ ముక్క ఎవరైనా చూసుకుంటే ఆలోచిస్తానన్నాను. "నేను చూసుకుంటాలే" అన్నారు ఆయన. అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ బాకీలు వసూలు చేయమని ఒకసారి ఆయన్ని పంపితే ఏం జరిగిందో నాకు గుర్తుంది. రెండిళ్లలో కాఫీ తాగి వచ్చారు. ఈ నెల 20 దాటాక మాట్లాడుకుందామని చెప్పాను.